చపాట ఎరుపు

ఎనుమాముల యార్డుల
పన్నెండేండ్ల సంది మిర్చి తొడిమెలు తీస్తున్న.
మనోజ్ఞ కడుపుల ఉన్నప్పుడు సుత ఆ ఘాటు పీల్చిన.
"అందుకేనా మేడం?" అని అడిగితే
"కాదు స్వరూపా, కాదు" అన్నది నస్రీన్ డాక్టరమ్మ,
రెండుసార్లు.
రెండో "కాదు"నే కొంగుల కట్టుకొని ఇంటికొచ్చిన.

పేగుపూత.
పిల్ల బరువు ఇరవై రెండు కిలోలు,
బడి బ్యాగు నాలుగు.
దినాం ఎనిమిది సార్లు బయటికి.
బడిల చెయ్యెత్తితే సారు పంపడు,
గంట కొట్టేదాక పండ్లు బిగవట్టి కూసుంటది
ఎనిమిదో ఎక్కం లోలోపల సదువుకుంట.

ఎం.జి.ఎం.ల కెమెరా పెట్టిండ్రు.
తెర మీద నా బిడ్డ లోపలంత చూసిన:
ఎరుపు.
కల్లంల ఆరబోసినట్టు
పొడుగునా ఎరుపు.
పక్క మంచం మీది పరకాల పిలగాడు,
వాని తెర మీద గూడ గదే.
"ఇద్దరిదీ ఒక్కతీరే ఉన్నది మేడం."
"చూపుకు ఒక్కతీరే.
ఒకరికి గోలీలకే తగ్గుతది,
ఒకరికి పేగు కోయాల్సొస్తది.
ఎవరికి ఏదో కంటికి చిక్కదు."

ఏడుపు రావాల్సిన జాగల నవ్వొచ్చింది.
గిది నాకు కొత్తనా!
చపాట చూడు, టమాటలెక్క బొద్దుగ,
సీసల పోసినట్టు రంగు,
కొరికితే కారం ఎక్కడ దాసుకుంటదో.
తేజ సన్నగ, వంకరగ,
నాలిక మీద పెడితే
ఏడు తరాలోల్లు యాదికొస్తరు.
ఎరుపు వేరు, మంట వేరు.
అందుకే బేరగాడు కాయ విరుస్తడు.

వీళ్లు గూడ విరిచిండ్రు.
బియ్యపు గింజల సగమంత ముక్క,
మంచుల పెట్టుకొని పోయిండ్రు.
కాలేజీ పిల్ల సుప్రజ చెప్పింది:
"అక్కా, ఒంట్ల ప్రతి కణంల ఒక్కటే పుస్తకం.
కంటిల గదే, పేగుల గదే.
ఏ జాగల ఏ పేజీ గట్టిగ సదువుతున్నదో
మేము అది వింటం."
"నొసటి రాతనా?" అన్నడు మా ఓదేలు.
"రాత కాదన్నా, సదువుడు."
వేల జీన్లట.
కొన్ని గొణుగుతయట,
కొన్ని బజార్ల నిలవడి మొత్తుకుంటయట.
ఏవి మొత్తుకుంటే రోగం ముదురుతదో
ముందు పడ్డ పిల్లల లెక్కల చూసి చెప్తరట.

గొట్టం మీద పేరు రాయలే.
నూట పద్నాలుగు.
మా లాట్లకు గూడ అంకెలే,
నేనేమనలే.

మూడు వారాలు.
గోలీలకు పిల్ల మూతి ఉబ్బింది.
ఓదేలు కొమురెల్లికి మొక్కిండు.
మొక్కితే జీన్లు సప్పుడు తగ్గిస్తయా అని
సుప్రజకు ఫోన్ జేసి అడిగిన.
చానసేపు పలకలే ఆ పిల్ల.

చేతులు నాలుగు తీర్ల కడుగుత:
సబ్బు, చింతపండు, మంచినూనె, మల్ల సబ్బు.
అయినా పొట్ట మీద చెయ్యేస్తే
"అమ్మా, మండుతున్నది" అంటది.
పైననో, లోపలనో.

నిన్న కాగితమొచ్చింది.
ఇసొంటి సప్పుడున్నోల్లు పదిమందైతే
ఏడుగురికి ఉత్త గోలీలు పనిజెయ్యయట,
ఇప్పటి సందే సూదిమందు మొదలువెడితే
పేగు దక్కొచ్చునట.
"ఇది ఇంకా పరిశోధనే స్వరూపా,
కాగితం ఒక్కదాన్నే నమ్మి చెప్తలేను,
పిల్లను గూడ చూసే చెప్తున్న."
"మిగిలిన ముగ్గురు?" అన్న.
ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.
ఇంటికొచ్చేదాక ఆటోల
నా బిడ్డను ఆ ముగ్గుర్ల కూసోబెట్టి చూసిన,
లేపి ఏడుగుర్ల కూసోబెట్టిన,
మల్ల లేపిన.
పరకాల పిలగాని కాగితంల ఏమొచ్చిందో అడగలే.
మంచిదొచ్చిందంటే
నా లోపల ఏం మొత్తుకుంటదో అని భయం.

సూది తారీఖు పద్దెనిమిది.

ఇయ్యాల పొద్దుగాల యార్డుల
బేరగాడు కాయ తీసి
చెవి కాడ పెట్టుకొని ఆడిచ్చిండు, పటుక్కున విరిచిండు.
పన్నెండేండ్లల మొదటిసారి
నేను గూడ ఇన్న.
"ఏందే, ఆగినవ్?" అన్నది పక్కామె.
ఏం లేదన్న.
తొడిమె తీసిన.